కన్నాల పందిరి

దసరా పందిళ్ళ కర్రలు ఇంకా బండి దిగనేదు,
పెదవాల్తేరు నుంచి పోను:
"డాబా మీద పందిరెయ్యాల. ఏడు దినాలుంటాది."
ఆడమనిషి గొంతు. తెలుగు ముక్కలు ముక్కలుగా.

పేరు ఎలిషేవా అట.
పోర్టులో ఇసక తోడే ఓడల కాడ ఇంజినీరు.
మావోడు సూరప్పడు మెట్లు దిగేసరికే
వెలిసమ్మని సేసేసినాడు.

షామియానా అన్నాను. వొద్దంది.
రేకులన్నాను. వొద్దంది.
"కప్పు బూమిలో మొలిసిందే అయ్యుండాల,
మొలిసి, కోసిందయ్యుండాల."
సరే. ఎదురు బొంగులు, ముప్పై ఆరు కొబ్బరి మట్టలు.
నైలాను తాడు తీస్తే సెయ్యడ్డెట్టింది.
పీచుతాడు కోసం పూర్ణా మార్కెట్టుకి
మళ్ళీ ఒక ఆటో.

పొద్దు వాలకముందే అల్లేసినాను.
ముప్పైయేళ్ళ సెయ్యి నాది.
నా పందిట్లో మిట్టమజ్జానం దీపమెట్టుకోవాల,
జల్లు కొట్టినా పెళ్ళికూతురి బొట్టు సెదరదు.

ఆయమ్మ కింద నిలబడి, పైకి సూసి
మొకం సిన్నబుచ్చుకుంది.
"సుక్కలేవీ?"
ఏ సుక్కలు?
"ఇందులో కూకుంటే సుక్కలు అగుపడాల.
అగుపడకపోతే ఇది పండగ్గాదు, గది."

నవ్వొచ్చింది. కోపమూ వొచ్చింది.
కన్నం పడితే కూలి కోసే ఊళ్ళో
కన్నాలకి కూలిస్తానంటది!
మట్ట తరవాత మట్ట
నా సేత్తో నానే ఊడబీకినాను.
మా అయ్య సూసుంటే ఏళ్ళు ఇరగ్గొట్టీవోడు.

నిచ్చెన మీదుండే అడిగినాను, ఎందుకేటి ఇది.
సెప్పింది:
ఎప్పుడో మా పెద్దలు బానిసతనం తెంపుకుని
ఇసక నేలలో నలభై ఏళ్ళు
ఇలాటి పాకల్లో తిరిగినారు.
ఏడాదికోపాలి గోడలొదిలొచ్చి కూకోవాల,
మరిసిపోకుండా.

మరిసిపోడం.
హుద్‌హుద్ నాడు జాలారిపేటలో
మా పాక కప్పు ఎగిరి ఎటెల్లిందో
ఇప్పటికీ తెల్దు.
మర్నాటి రేత్రి తడి సాప మీద
నానూ గౌరీ ఎల్లకిలా పడుకున్నాం.
ఊరంతా కరెంటు నేదు.
ఇశాపట్నం మీద అన్ని సుక్కలు
అంతకుముందెప్పుడూ సూణ్నేదు.
బాగున్నాయని ఎవులూ అన్నేదు.
ఆకలేసింది, అంతే.

ఇదేటీ ఆయమ్మకి సెప్పనేదు.
తాడు బిగించినాను.

డబ్బులు ఎండుండగానే ఇచ్చేసింది,
పండగ రేత్రి ముట్టదట. పోనూ ముట్టదట,
అందుకని వాళ్ళమ్మతో మజ్జానమే మాటాడేసింది.
కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.
కూకోమంటే కూకున్నాం.
బల్ల మీద ఒక మాదీఫలం, దూదిలో, సంటిపిల్లలా.
పక్కన ఈతమొవ్వ.
ఇంకో రెండు రకాల కొమ్మలు
వాళ్ళ దేశం నుంచి కొరియర్లో ఎండిపోయి వొచ్చినాయి.
"దేముడు సర్దుకుంటాళ్ళే" అంది,
అచ్చం మా గౌరిలాగ.

ఒక కుర్సీ కాళీగా ఉంచేసింది.
రేత్రికో పెద్దమనిషి వొస్తాడట, పోయినోళ్ళలోంచి.
దానిమీద హెల్మెట్టు పెట్టబోయి
సూరప్పడు సటుక్కున తీసేసి
ఒళ్ళో పెట్టుకున్నాడు.
నాను మాత్రం అటు సూడ్డం మానలేకపోయినాను.
మా అయ్య వొచ్చి కూకుంటే
ముందు ముడులు సూస్తాడు.

పున్నమి సంద్రుడు సముద్రం దాటి
మట్టల సందుల్లోంచి అన్నంలో పడ్డాడు.
ఎనకాలే సినుకులు.
నా పందిరి కారతంది! సిగ్గుతో లేసి నిలబడ్డాను.
ఆయమ్మ నవ్వింది.
"పులుసులో సినుకు పడితే లోపలికి పోవొచ్చు,
రూలుంది."
అంది గానీ లెగనేదు.
గిన్నె మీద సెయ్యడ్డెట్టి
తింటానే ఉంది.

కార్తీకంలో ఆరిలోవ పెళ్ళి.
పీటల మీద, సరిగ్గా పైన,
పిడికెడు కన్నం.
పెళ్ళికొడుకు మేనమావ ఏలెట్టి సూపించి తిట్టినాడు.
సూరప్పడు నా ఏపు సూసినాడు.
రెండొందలు కోసేసినారు.

కోసుకోనీ.